చలికాలములో ఇంటివద్ద ట్రాక్టరు, ఇంజను మరమ్మతులు
పినపాక ప్రాంతపు రైతులకు కొన్ని సూచనలు

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న పినపాక ప్రాంతములో కార్తిక మాసము దాటినప్పటినుండి సంక్రాంతి వరకు రైతుకు ఊపిరి సలుపని పని ఉండును. ఒకవైపు వానకాలపు వరి కోత, నూర్పిడి సాగుచుండును. రెండవవైపు ప్రత్తి ఏరవలెను, మిరపకు మందు చల్లవలెను. వీటి నడుమనే యాసంగి నాట్లకు దమ్ము చేయవలెను. ఈ పనులలో చాలభాగము నేడు ట్రాక్టరు, నూనె ఇంజను, విద్యుత్ మోటారు, పవర్ స్ప్రేయరు మీదనే ఆధారపడియున్నవి. సరిగా ఈ రోజులలోనే తెల్లవారుజామున చలి హెచ్చుగా ఉండును. నిన్న సాయంత్రము వరకు చక్కగా నడచిన ట్రాక్టరు నేడు ఉదయము కదలదు. పనివారు గట్టుపై కూర్చుండియుందురు. మేస్త్రీ మణుగూరు నుండి రావలెను.

ఇట్లు పోయిన రోజు ఒక కూలిదినముతో తీరునది కాదు. యాసంగి నారు ముదిరినకొద్ది నాటు వెనుకబడును. నాటు వెనుకబడిన వరి, ఏప్రిలు ఎండలలో పూతకు, పాలుపోసుకొను దశకు వచ్చును. అప్పుడు తాలు హెచ్చును. కనుక పుష్యమాసములో బ్యాటరీని నిర్లక్ష్యము చేసిన ఫలితమును రైతు వైశాఖములో కల్లముమీద చూడవలసివచ్చును.

చలికాలములో యంత్రము మొరాయించుటకు కారణములు కొద్దియే. వాటిలో పెక్కింటిని రైతు తన ఇంటివద్దనే, కొద్దిపాటి పనిముట్లతో సరిచేసికొనవచ్చును. ఆ విధానమును, ఆ పనిలో ప్రాణమునకు ముప్పు రాకుండ తీసికొనవలసిన జాగ్రత్తలను ఇచట వివరించుచున్నాము.

మన చలి ఎటువంటిది?

యంత్రముల పుస్తకములలో చలికాలపు సూచనలు పెక్కు శీతల దేశములను ఉద్దేశించి వ్రాసినవి. కెనడా, రష్యా వంటి దేశములలో ఉష్ణోగ్రత సున్నకు ఎన్నో డిగ్రీలు దిగువకు పడిపోవును. అచట రేడియేటరులో వట్టి నీరున్నచో గడ్డకట్టి, ఉబ్బి, ఇంజను దిమ్మెనే పగులగొట్టును. రాత్రివేళ ఇంజనుకు విద్యుత్ హీటరు తగిలించియుంచుట అచట సామాన్యము. మన తెలుగునాట లంబసింగి వంటి కొండ ప్రాంతములలో కూడ అంతటి చలి లేదు. పినపాక ప్రాంతములో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సాధారణముగా 10 - 15 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఉండును. చలిగాలులు వీచిన రోజులలో ఇంకను తగ్గవచ్చును. ఇచట నీరు గడ్డకట్టునను భయము లేదు.

అయినను మన చలికి మూడు లక్షణములు కలవు. మొదటిది, పగటికిని రాత్రికిని ఉష్ణోగ్రతలో వ్యత్యాసము హెచ్చు. రెండవది, గోదావరి తేమవలనను, అడవి తేమవలనను మంచు దట్టముగా కురియును. మూడవది, ఈ కాలమందు కోతలు, నూర్పిళ్ళ వలన దుమ్ము, ఊక, గడ్డి విశేషముగా లేచును. చలి, చెమ్మ, దుమ్ము - ఈ మూడింటిని దృష్టిలో నుంచుకొని యంత్రమును చూచుకొనవలెను.

1. డీజిలులో నీరు, మైనము

చల్లని లోటాలో మంచినీరు పోసినప్పుడు దాని వెలుపల చెమ్మ పట్టుట మనము చూచుచునే యుందుము. డీజిలు టాంకులోపల జరుగునదియు అదియే. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 12 డిగ్రీలకు చల్లబడినచో అదే గాలి సుమారు 11 గ్రాములను మాత్రమే పట్టియుంచగలదు. మిగిలిన తేమ చల్లని రేకుపై నీటి బిందువులుగా నిలిచి డీజిలులోనికి జారును. సగము ఖాళీగా ఉన్న పీపాలో ఒక్క రాత్రికి పడునది కొన్ని చుక్కలే కావచ్చును. కాని ప్రతి రాత్రియు పడును. నీరు డీజిలుకంటె బరువు కనుక అడుగున చేరును. రెండు నెలలలో అది పంపును, నాజిలును త్రుప్పుపట్టించుటకు చాలినంత అగును.

దీనికి నివారణ సులభము. పని ముగించి ఇల్లు చేరిన వెంటనే, సాయంత్రమే టాంకును నింపవలెను. నిండిన టాంకులో గాలికి చోటులేదు. గాలి లేనిచోట చెమ్మ లేదు. మరునాటి ఉదయము ఇంజను కదలించుటకు ముందు, డీజిలు ఫిల్టరు క్రింది మరను, లేక గాజుకప్పు మరను కొద్దిగా వదలుచేసి ఒక సీసాలోనికి పట్టవలెను. అడుగున నీరు కనిపించినచో స్వచ్ఛమైన డీజిలు వచ్చువరకు వదలి, తిరిగి బిగింపవలెను. పీపాను నేలపై నిలువుగా పెట్టరాదు. దిమ్మెలమీద కొంచెము వాలుగా పరుండబెట్టి, మూతివైపు ఎత్తుగా ఉండునట్లు చూడవలెను. అడుగున చేరిన నీరు, మడ్డి వెనుకనే నిలిచిపోవును.

రెండవ చిక్కు మైనము. డీజిలులో స్వభావసిద్ధముగా కొంత మైనము కరగియుండును. చలికి అది సన్నని పలుకులుగా విడిపోయి ఫిల్టరును మూయును. మన దేశపు డీజిలు ప్రమాణము ఐ.ఎస్. 1460 ప్రకారము, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అమ్ము డీజిలు 6 డిగ్రీల చలి వరకు ఫిల్టరును మూయక పారవలెను. మిగిలిన నెలలలో అమ్ము డీజిలుకు ఈ హద్దు 18 డిగ్రీలు. అనగా ఎండకాలములో కొని పీపాలో దాచిన డీజిలును జనవరి ఉదయము 12 డిగ్రీల చలిలో వాడినచో, అది ఫిల్టరులో మైనము కట్టుటకు అవకాశము కలదు. కావున పాత నిల్వను దీపావళి లోపుననే వాడివేసి, చలికాలమునకు ఆ నెలలలోనే బంకునుండి తెచ్చిన డీజిలును ఉపయోగింపవలెను.

మైనము కట్టినదానికి గుర్తు ఇది: ఇంజను కదలి, రెండు మూడు నిమిషములు నడచి, బలము తగ్గి ఆగిపోవును, ఎండ ఎక్కిన తరువాత ఏ మరమ్మతు లేకయే మరల నడచును. అట్టి సమయమున ఫిల్టరుకు గుడ్డ చుట్టి, దానిపై వేడినీరు మెల్లగా పోసిన చాలును. మంటతో కాచరాదు. డీజిలులో కిరోసిను కలుపు అలవాటును కొందరు చెప్పుదురు. అది మంచిది కాదు. పంపులోని సన్నని భాగములకు డీజిలే కందెన. కిరోసిను కలిసినచో ఆ కందెన పలుచబడి పంపు అరుగును.

2. ఇంజను నూనె

నూనె చలికి చిక్కబడును. సాధారణమైన 40 రకపు ఇంజను నూనె 100 డిగ్రీల వేడిలో పారునంత సులభముగా 15 డిగ్రీలలో పారదు; ఎన్నో రెట్లు చిక్కగా ఉండును. అట్టి నూనెలో క్రాంకును త్రిప్పుటకు బ్యాటరీ ఎక్కువ శ్రమపడవలెను. నూనె పైభాగములకు చేరుటకును ఆలస్యమగును. ఇంజను అరుగుదలలో పెద్దభాగము కదలించిన మొదటి క్షణములలోనే జరుగుటకు ఇదియే కారణము.

నూనె డబ్బాపై 15 డబ్ల్యు-40 అని వ్రాసియుండుట మీరు చూచియుందురు. ఇందులో డబ్ల్యు అను అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె చిన్నదైనకొద్ది చలిలో నూనె సులభముగా పారును. వెనుకనున్న అంకె వేడెక్కిన తరువాతి చిక్కదనమును తెలుపును. మన ప్రాంతపు చలికి 15 డబ్ల్యు-40 చాలును. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో ఏ రకము చెప్పబడినదో దానినే వాడవలెను. చలికాలమునకని ప్రత్యేకముగా పలుచని నూనె పోయవలసిన పనిలేదు.

నూనె మార్చునపుడు ఇంజనును పది నిమిషములు నడిపి, వేడిగా ఉన్నపుడే చాంబరు బిరడా తీయవలెను. చల్లని నూనెను తీసినచో మడ్డి అడుగుననే నిలిచిపోవును. తీసిన పాతనూనెను గట్టుమీదగాని, బావివద్దగాని పారబోయరాదు. డబ్బాలో పట్టి, సేకరించు దుకాణమునకు ఇవ్వవలెను. గేజి పుల్లపై నూనె పాలవలె తెల్లగా కనిపించినచో అందు నీరు చేరినదని గ్రహించి, ఇంజనును నడపక మేస్త్రీకి చూపవలెను.

3. బ్యాటరీ

చలి ఉదయములలో బ్యాటరీకి రెండువైపుల నష్టము. చిక్కని నూనెవలన దానినుండి కావలసిన బలము పెరుగును. చలివలన అది ఈయగల బలము తగ్గును. 27 డిగ్రీలలో నూరు వంతులు ఈయగల బ్యాటరీ, 12 డిగ్రీలలో పది పదిహేను వంతులు తగ్గించి ఇచ్చును. క్రొత్త బ్యాటరీకి ఇది లెక్కలోనిది కాదు. మూడు నాలుగేండ్లు నడచిన బ్యాటరీ మాత్రము ఎండకాలమంతయు ఎట్లో లాగి, మొదటి చలికి పడిపోవును.

పట్టణములో దొరకు చిన్న మల్టీమీటరు ఒకటి ప్రతి ట్రాక్టరు రైతు ఇంటను ఉండదగినది. ఇంజను ఆపిన కొన్ని గంటల తరువాత కొలిచినపుడు 12.6 వోల్టులున్న, బ్యాటరీ నిండుగా ఉన్నది. 12.2 ఉన్న, సగము మాత్రమే కలదు. 12.0 లేక అంతకు తక్కువ ఉన్న, ఉదయము కదలించుట కష్టము. ఇంజను నడచుచుండగా కొలిచినపుడు 13.8 - 14.5 నడుమ ఉండవలెను. అంతకు తక్కువైనచో దోషము బ్యాటరీది కాదు, ఛార్జి చేయు ఆల్టర్నేటరుది లేక దాని బెల్టుది. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి బ్యాటరీని పారవేసి క్రొత్తది కొనువారు పెక్కురు కలరు.

టెర్మినళ్ళపై పేరుకొను తెల్లని, పచ్చని బూజు విద్యుత్తును అడ్డగించును. గోరువెచ్చని నీటిలో వంట సోడా కలిపి పోసి, బ్రష్షుతో రుద్ది, మంచినీటితో కడిగి, ఆరిన తరువాత బిగించి, పైన వాజిలైను పూయవలెను. సోడానీరు బ్యాటరీ గదులలో పడకుండ మూతలు బిగించియుండవలెను. తీయునపుడు మైనసు తీగను మొదట తీయవలెను. పెట్టునపుడు దానిని చివర పెట్టవలెను. పానా తగిలి రవ్వ లేవకుండుటకు ఈ వరుస అవసరము. పలకలపైన అర అంగుళము వరకు ద్రవము ఉండవలెను. తగ్గినచో బ్యాటరీ నీటినే పోయవలెను. బోరునీరు గాని, యాసిడు గాని పోయరాదు. ఛార్జి అగుచున్న బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది రవ్వ సోకినంతనే ప్రేలును. బ్యాటరీవద్ద బీడి, చుట్ట, అగ్గిపుల్ల నిషిద్ధములు.

వేరొక బండి బ్యాటరీ సహాయముతో కదలించునపుడు రెండును 12 వోల్టులవే అయియుండవలెను. మొదట ప్లస్సును ప్లస్సుకు కలిపి, తరువాత మంచి బ్యాటరీ మైనసు తీగను కదలని ట్రాక్టరు ఇంజను ఇనుపభాగమునకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను.

4. రేడియేటరు

నీరు గడ్డకట్టని ప్రాంతములో కూలెంటు ఏల అని పెక్కురు అడుగుదురు. కూలెంటు పని గడ్డకట్టకుండ చూచుట మాత్రమే కాదు. అది లోపల త్రుప్పును ఆపును, నీరు మరుగు హద్దును పెంచును. బోరునీటిలోని ఉప్పులు రేడియేటరు గొట్టములలో పొలుసుగా కట్టి, చలికాలములో తెలియకున్నను ఎండకాలములో ఇంజనును కాల్చును. కనుక పుస్తకములో చెప్పిన పాళ్ళలో కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయుట మేలు. కూలెంటులోని గ్లైకాల్ విషము. రుచికి తియ్యగా ఉండును. పారబోసిన దానిని కుక్కలు, పశువులు త్రాగి చచ్చును. పిల్లలకు అందనిచోట దాచవలెను. మంచినీటి సీసాలలో ఎన్నడును పోసి ఉంచరాదు.

ఎండకాలములో ఇంజను వేడెక్కుచున్నదని కొందరు థర్మోస్టాటును తీసివేయుదురు. చలికాలములో దీని నష్టము తెలియును. ఇంజను 80 - 90 డిగ్రీల వేడికి చేరక, డీజిలు సరిగా మండక, నూనెలో కలిసి దానిని పలుచన చేయును. తీసివేసినవారు తిరిగి పెట్టించుకొనవలెను. వేడి రేడియేటరు మూతను ఎన్నడును తెరువరాదు. నూర్పిడి రోజులలో రేడియేటరు రెక్కల నడుమ చిక్కిన ఊకను, గడ్డిని ప్రతి సాయంత్రము దులుపవలెను. పొగగొట్టమువద్ద చేరిన గడ్డి నిప్పు అంటుకొనుటకును కారణమగును.

5. ఉదయము ఇంజనును కదలించు విధము

అన్నిటికంటె చవకైన హీటరు సూర్యుడు. రాత్రి ట్రాక్టరును ఇంజను తూర్పుముఖముగా నిలిపి, పైన టార్పాలిన్ పట్ట కప్పియుంచినచో మంచు పడదు. ఉదయము పట్ట తీసిన తోడనే ఎండ తగులును. తొందరలేని పనులను ఎండ వచ్చిన తరువాత మొదలుపెట్టుట మంచిది.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని బలముగా నొక్కగా పుట్టు వేడియే డీజిలును అంటించును. చల్లని గోడలు ఆ వేడిని పీల్చివేయును. సెల్ఫ్ మెల్లగా తిరిగినచో నొక్కుడు చాలక వేడి పుట్టదు. కావున ఈ క్రమము పాటింపవలెను. గేరు న్యూట్రలులో ఉంచి క్లచ్చి పూర్తిగా త్రొక్కవలెను. హీటరు ఉన్న ట్రాక్టరులో పుస్తకములో చెప్పినన్ని క్షణములు దానిని వెలిగించవలెను. సెల్ఫును ఒక్కసారికి పది క్షణములకంటె ఎక్కువ త్రిప్పరాదు. అర నిమిషము ఆగి మరల త్రిప్పవలెను. మూడు నాలుగు పర్యాయములకు కదలకున్న ఆపి, కారణము వెదకవలెను.

కారణము తెలియుటకు పొగయే గుర్తు. సెల్ఫ్ మెల్లగా మూలుగుచు తిరిగినచో బ్యాటరీ, టెర్మినళ్ళు చూడవలెను. చురుకుగా తిరుగుచున్నను పొగగొట్టమునుండి పొగయే రాకున్న, డీజిలు అందుట లేదు. మైనము, నీరు, గాలి పట్టుట వీనిలో ఒకటి కారణము. తెల్లని పొగ వచ్చుచున్న డీజిలు అందుచున్నది, మండుట లేదు. హీటరు పనిచేయుచున్నదా, నొక్కుడు తగ్గినదా చూడవలెను. కదలిన తరువాత నల్లని పొగ వచ్చుచున్న గాలి చాలుట లేదు. ఏర్ క్లీనరు దుమ్ముతో మూసుకొనియుండును.

ఇంజను కదలిన పిదప రెండు మూడు నిమిషములు తక్కువ వేగమున ఉంచి, తరువాత తేలికపని నుండి మొదలుపెట్టవలెను. కదలిన వెంటనే రేసు ఇచ్చుట నూనె చేరని భాగములను అరగదీయుట యగును. అరగంటసేపు ఊరక నడుపుటయు డీజిలు దండుగ.

చేతితో త్రిప్పు నూనె ఇంజనులలో హాండిలును పట్టునపుడు బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ళవైపుననే ఉండవలెను. ఇంజను వెనుకకు తన్నినచో, చుట్టి పట్టిన బొటనవ్రేలు విరుగును. చాంబరు క్రింద మంట పెట్టి ఇంజనును వేడిచేయు పద్ధతి బొత్తిగా కూడదు. కారిన ఒక్క చుక్క డీజిలు చాలును, ట్రాక్టరుతోపాటు గడ్డివామి కూడ పోవును. కదలించుటకని గాలి మార్గములో ఈథరు చల్లుట హీటరున్న ఇంజనులో ప్రేలుడుకు దారితీయును.

6. మరమ్మతు చేయువారి ప్రాణరక్షణ

యంత్రము చెడిన బాగుచేసికొనవచ్చును. క్రింద చెప్పునవి అట్టివి కావు. చలికాలములో మాత్రమే హెచ్చుగా జరుగు ప్రమాదములు నాలుగు కలవు.

మూసిన కొట్టములో పొగ: చలిగాలి రాకుండ తలుపులు మూసి, లోపల ఇంజను నడిపి చూచుట ప్రాణాంతకము. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తమునకు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. పెట్రోలు ఇంజనునుండి ఇది మరింత ఎక్కువగా వచ్చును. వెచ్చదనమునకై లోపల పెట్టుకొను బొగ్గుల కుంపటి నుండియు ఇదే వాయువు పుట్టును. తలనొప్పి, కండ్లు తిరుగుట, వాంతి, నిద్రమత్తు దీని గుర్తులు. చలికి వచ్చిన నలతయని పొరబడుదురు. ఇంజనును ఆరుబయటనే నడుపవలెను. ఎవరైన పడిపోయినచో మొదట తలుపులన్నియు తెరిచి, వారిని బయటి గాలికి తెచ్చి, 108 కు ఫోను చేయవలెను.

కప్పుకొన్న దుప్పటి: చలికి కప్పుకొను దుప్పటి, శాలువ, మెడకు చుట్టిన మఫ్లరు, తలగుడ్డ కొస - ఇవి తిరుగు షాఫ్టువద్ద ఉరిత్రాళ్ళు. ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా క్షణమునకు తొమ్మిది చుట్లు తిరుగును. బట్ట కొస చిక్కినచో ఒక్క క్షణములో సుమారు రెండు గజములు చుట్టుకొనును. చేయి వెనుకకు తీసికొనుటకు వ్యవధి ఉండదు. బిగుతైన స్వెట్టరు వేసికొని, దుప్పటిని దూరముగా పెట్టిన తరువాతనే యంత్రమువద్దకు పోవలెను. షాఫ్టుపై తొడుగు లేకుండ నూర్పిడి యంత్రమును గాని, రోటవేటరును గాని నడుపరాదు. చిక్కిన గడ్డిని తీయుటకు ముందు ఇంజను ఆపి, తాళము జేబులో వేసికొనవలెను.

కొంకర్లు పోయిన చేతులు: చలికి మొద్దుబారిన వ్రేళ్ళకు పట్టు తగ్గును. పానా జారును, సుత్తి గురి తప్పును. మరమ్మతు పనిని ఉదయము తొమ్మిది గంటల తరువాత, ఎండ తగులుచోట పెట్టుకొనవలెను. పనిచేయుచు నెగడువద్దకు పోయి చేతులు కాచుకొనువారు, చేతులకు, బట్టలకు డీజిలు, పెట్రోలు అంటియున్నదేమో చూచుకొనవలెను. పెట్రోలుతో చేతులు కడుగుట వలన చర్మము పగులును. సబ్బు, ఊక చాలును.

జాకీ: మంచుకు తడిసిన మట్టినేలలో జాకీ దిగబడును, ఒరుగును. దాని క్రింద మందమైన చెక్కపలక వేయవలెను. లేపిన తరువాత గట్టి చెక్కదిమ్మెలపై ట్రాక్టరును నిలుపవలెను. ఇటుకలు హఠాత్తుగా పొడియగును, వాటిని నమ్మరాదు. మిగిలిన చక్రములకు ముందు, వెనుక ఆపులు పెట్టవలెను. జాకీ ఒక్కదాని ఆధారముతో ట్రాక్టరు క్రిందికి దూరరాదు. హైడ్రాలిక్కుతో ఎత్తియున్న నాగలి, రోటవేటరు క్రిందను దూరరాదు; ముందుగా దానిని నేలకు దింపవలెను.

మరొక మాట. వరి కోసిన తరువాత పొలములోని ఎలుకలు కొట్టములలోనికి చేరును. వైర్లను కొరుకును, ఏర్ క్లీనరులో గూడు పెట్టును. వాటివెంట పాములు వచ్చును. అడవి అంచు ఊళ్ళలో ఇది మరింత నిజము. టార్చి వేసి చూడనిదే బానెట్టు క్రింద, సీటు క్రింద, పట్టమడతలలో చేయి పెట్టరాదు.

7. మోటారు, స్ప్రేయరు

బోరు మోటారు స్టార్టరు డబ్బాలో మంచు చెమ్మ చేరి షాకు కొట్టుట ఈ కాలములో కలదు. డబ్బాకు తలుపు, పైన రేకు, సరియైన ఎర్తు ఉండవలెను. తడికాళ్ళతో మీట ముట్టరాదు. పొడిపలకపై నిలిచి, చెప్పులు తొడిగి వేయవలెను. నెలలతరబడి నడువక పైన ఉన్న మోటారును కలుపుటకు ముందు ఎలక్ట్రీషియనుచేత మెగ్గరుతో పరీక్షింపించవలెను. ఒక మెగోముకంటె తక్కువ చూపినచో చుట్లలో చెమ్మ ఉన్నది. ఎండలో ఆరనిచ్చి మరల పరీక్షించవలెను.

మిరప రైతుకు పవర్ స్ప్రేయరు ఎంత ముఖ్యమో 2021లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రములలో విజృంభించిన నాటినుండి చెప్పనక్కరలేదు. నేడు అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాల్ కలియుచున్నది. ఇథనాల్ నీటిని పీల్చుకొను స్వభావము కలది. చెమ్మ చేరిన పెట్రోలులో నీరు, ఇథనాల్ విడిపోయి అడుగున చేరును. అప్పుడు ఇంజను కదలదు. కావున వారమునకు సరిపడు పెట్రోలునే తెచ్చి, నూనెను పుస్తకములో చెప్పిన పాళ్ళలో కలిపి వాడవలెను. పనిలేని రోజులకు టాంకు ఖాళీచేసి, ఆగువరకు నడిపి, కార్బురేటరును పొడిగా ఉంచవలెను. ఉదయము కదలించునపుడు చోకు వేసి, కదలిన వెంటనే తీయవలెను.

8. పనుల పట్టిక

ప్రతి సాయంత్రము: టాంకు నింపుట, రేడియేటరు దులుపుట, పట్ట కప్పుట.

ప్రతి ఉదయము: గేజి పుల్ల చూచుట, కూలెంటు మట్టము చూచుట, ఫిల్టరు నీరు వదలుట, ఎలుకల జాడ చూచుట.

వారమునకు ఒకసారి: బ్యాటరీ వోల్టులు, ద్రవము, ఏర్ క్లీనరు, బెల్టు బిగువు. టైర్ల గాలిని ఉదయము చల్లగా ఉన్నపుడే చూడవలెను. ప్రతి 10 డిగ్రీల చలికి సుమారు ఒక పౌను గాలి తగ్గును.

దమ్ము పని ముగిసిన ప్రతిసారి: కేజివీల్సు తీసి, బురద కడిగి, చక్రముల బేరింగులకు, కీళ్ళకు క్రొత్త గ్రీజు వచ్చువరకు గ్రీజు గన్ను కొట్టుట. బురదనీరు చొచ్చిన బేరింగు చలికాలములో చప్పుడు చేయదు, ఎండకాలములో విరుగును.

ఇంటిలో ఉండవలసిన సరకు: ఒక జత పానాలు, మల్టీమీటరు, గ్రీజు గన్ను, రెండు చెక్కదిమ్మెలు, ఒక డీజిలు ఫిల్టరు, ఒక బెల్టు, రెండు ఫ్యూజులు, బ్యాటరీ నీరు, టార్చి, పొడి ఇసుక ఒక బక్కెటు. డీజిలు మంటపై నీరు చల్లరాదు, ఇసుక చల్లవలెను.

ఎచట ఆగవలెను?

ఫిల్టరు మార్చుట, గాలి తీయుట, నూనె మార్చుట, టెర్మినళ్ళు శుభ్రపరచుట రైతు చేసికొనదగినవి. డీజిలు పంపును విప్పుట, నాజిలు ఒత్తిడి మార్చుట, బ్రేకుల లోపలి పని, హైడ్రాలిక్కు విప్పుట, మోటారు చుట్లు చుట్టుట నేర్పరి మేస్త్రీకి వదలవలెను. నాజిలునుండి వచ్చు డీజిలు ధార కంటికి కనిపించనంత సన్నగా ఉండి చర్మమును దూసుకొని లోపలికి పోగలదు. అట్లు జరిగినచో గాయము చిన్నదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇరుగుపొరుగు ట్రాక్టరు రైతులు కలిసి, దీపావళికిని దమ్ము పనులకును నడుమ ఒక రోజు నిర్ణయించుకొని, మేస్త్రీని ఊరికే పిలిపించి, అన్ని యంత్రములను ఒకేమారు చూపించుకొనుట లాభసాటి. మేస్త్రీకి రాకపోకలు కలిసివచ్చును; యువకులు చూచి నేర్చుకొందురు. పశువుకు కొట్టము వేసినట్లే యంత్రమునకు నీడ, పొడినేల, వేళకు మేత అవసరము. ఈ కొద్దిపాటి శ్రద్ధ చూపిన రైతు, నాట్ల రోజున కూలీలను గట్టున కూర్చుండబెట్టి మణుగూరు దారి చూడవలసిన అవసరము ఉండదు.